ఖాజా మేస్త్రీ పసుపు గోలీలు

1981 జూన్‌లో నన్ను తాండూరు ప్రభుత్వ ఆసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. సర్జన్ అనే మాట చూసి కొత్తవాళ్ళు పొరబడతారు. ప్రభుత్వ కొలువులో చేరే డాక్టర్ల మొదటి హోదా అదే. కత్తి పట్టినా పట్టకపోయినా సర్జనే. నాకు ఎంబీబీఎస్ మీద ప్రసూతి, స్త్రీవ్యాధుల డిప్లొమా ఉంది కాబట్టి ఆడవాళ్ళ ఓపీ, కాన్పుల గది నాకు అప్పగించారు. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. ఉదయం ఓపీకి వెళ్ళేటప్పుడు ఆసుపత్రి మెట్లు రెండేసి ఎక్కేదాన్ని. సూపరింటెండెంటు గారు చూసి, డాక్టరు పరిగెత్తితే రోగులు భయపడతారమ్మా అని ఒకసారి మందలించారు కూడా.

మా ఓపీలో ఒకే పూట తెలుగు, దక్కనీ, కన్నడం మూడూ వినిపించేవి. నాకు మొదటి రెండూ వచ్చు, మూడోది మా వార్డు నర్సమ్మ తెలుగులోకి మార్చి చెప్పేది. ఆ రోజుల్లో ప్రభుత్వం దృష్టంతా కుటుంబ నియంత్రణ మీదే. మాకు ఆపరేషన్ల టార్గెట్లు ఉండేవి, శిబిరాలు ఉండేవి. పిల్లలు వద్దనుకునేవాళ్ళ కోసం ఇంత హంగామా ఉంటే, పిల్లలు కావాలనుకునేవాళ్ళకు ఏమీ లేదు. సూపరింటెండెంటు గారిని అడిగి మంగళవారం మధ్యాహ్నాలు వాళ్ళకోసం పెట్టుకున్నాను. పిల్లలు వద్దనేవాళ్ళకు జిల్లా యంత్రాంగం, కావాలనేవాళ్ళకు నేనొక్కదాన్ని అని నర్సులు నవ్వుకునేవారు.

ఆ మంగళవారాల్లో ఒకనాడు మెహరున్నీసా వచ్చింది. ఇరవై ఆరేళ్ళ మనిషి, సన్నగా, నెమ్మదిగా మాట్లాడేది. వెంట ఆమె అత్త హాజీరా బీ. ఆమె నెమ్మదిగా మాట్లాడేది కాదు. కోడలి చరిత్ర మొత్తం ఆమే చెప్పింది. పెళ్ళయి ఏడేళ్ళు. మొదటి మూడేళ్ళు నెలసరి మూడు నాలుగు నెలలకోసారి వచ్చేది, ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత హైదరాబాదు తీసుకెళ్ళారు. గర్భసంచి శుభ్రం చేశారు. మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, గర్భనాళాలు తెరుచుకునే ఉన్నాయని చెప్పారు. అండం విడుదలకు క్లోమిఫీన్ అనే మాత్ర ఇచ్చారు. నెలసరి వచ్చాక కొన్ని రోజులు మాత్రమే వేసుకునే మందు అది. అండాశయాలను తట్టిలేపి పనిచేయిస్తుంది. రెండు విడతలుగా వాడారు, ఫలితం లేదు. చివరికి అక్కడి డాక్టరు, మాత్రకు లొంగడం లేదు కనుక ఆపరేషన్ చేసి రెండు అండాశయాల నుంచీ చెరో ముక్క తీసేద్దామన్నారు. అప్పట్లో అది మామూలుగా చేసే ఆపరేషనే. దాని భయంతోనే అత్తాకోడళ్ళు నా దగ్గరికి వచ్చారు.

ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దామన్నాను. మళ్ళీ క్లోమిఫీన్ మొదలుపెట్టి, ఈసారి రోజూ పొద్దున పక్కమీదనుంచి లేవకముందే నోట్లో థర్మామీటర్ పెట్టుకుని వేడి చూసుకోమన్నాను. అండం విడుదలైన తర్వాత ఒంటి వేడి కొద్దిగా పెరిగి, నెలసరి వచ్చేదాకా అలాగే ఉంటుంది. ఖరీదైన పరీక్షలు లేనిచోట మాకు అదే ఆధారం. మెహరున్నీసా ఒక్క పూట కూడా తప్పలేదు. మూడు నెలలూ వేడి చక్కగా పెరిగింది. అంటే మాత్ర పనిచేస్తోంది, అండం వస్తోంది. అయినా గర్భం లేదు. వచ్చే అండాన్ని వదిలేసి అండాశయాన్ని కోయడం దేనికో నాకు అర్థం కాలేదు.

ఈ మాటే వాళ్ళతో చెప్పి, ఇక మెహరున్నీసా భర్తను కూడా పరీక్ష చేయాలన్నాను. ఆ మాట ఎలా చెప్పాలా అని వారం రోజులు ఆలోచించాను. ఎందుకంటే ఆ రోజుల్లో ఆ మాట అన్నందుకు మంచి కుటుంబాలు కూడా ఓపీ వదిలి వెళ్ళిపోయేవి. హాజీరా బీ లేచి వెళ్ళలేదు. బుర్ఖా ముసుగు పైకెత్తి, మిగతా ఆడవాళ్ళందరికీ వినపడేలా అంది:

“ఏడేండ్ల సంది నా కోడలి కడుపు ఊరంత చూసిండ్రు. నా కొడుకును ఒక్కడన్న చూసిండా?”

నాకు ఆమెను కావలించుకోవాలనిపించింది. ప్రభుత్వ డాక్టరును కనుక తల ఊపి ఊరుకున్నాను.

ఆమె కొడుకు ఖాజా మేస్త్రీ తాండూరు బండలు పరిచే పనివాడు. ఆరడుగుల మనిషి. నాపరాయిని ఒక్కడే భుజానికెత్తుకుని మేడ ఎక్కగలడని చెప్పుకునేవారు. నా గదిలోకి వచ్చి కుర్చీ అంచున కూర్చుని, నేల వంకే చూస్తూ ఉన్నాడు. సిగ్గుతోనేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, మా ఆసుపత్రి బండల అతుకులు చూస్తున్నాడట. పరీక్షకు ఒప్పుకున్నాడు కాని తాండూరులో మాత్రం వద్దన్నాడు.

“గీడ నేను బండలెయ్యని ఇల్లు లేదు మేడం. మీ ల్యాబుల ఉన్న సాబ్ రోజు నాతోని చాయ తాగుతడు. రేపు మల్ల ఏం మొకం పెట్టుకొని తాగాలె?”

న్యాయంగానే ఉంది. వికారాబాద్‌లో నాతో చదువుకున్న యాదగిరి స్టేషను దగ్గర చిన్న ల్యాబు నడుపుతున్నాడు. పాథాలజీ చదివినవాడు, నోరు జారని మనిషి. ఆదివారం ల్యాబు మూసి ఉంటుంది కాబట్టి మాకోసం తెరుస్తానన్నాడు. అదృష్టం కొద్దీ మెహరున్నీసా అక్క ఇల్లు కూడా ఆ ఊళ్ళోనే, ల్యాబుకు పది నిమిషాల నడక. ఖాజాకు నియమాలు చెప్పాను. అంతకుముందు నాలుగు రోజులు భార్యకు దూరంగా ఉండాలి. వీర్యాన్ని పొడి సీసాలోనే పట్టాలి. గంటలోపు ల్యాబుకు చేరాలి. అన్నిటికంటే ముఖ్యం, దారిలో చల్లబడకూడదు. కణాలు వేడి తగ్గితే కదలిక తగ్గిస్తాయి. అది జనవరి. సీసాను చంకలో పెట్టుకుని, పైన కోటు వేసుకుని రమ్మన్నాను. డాక్టర్లు అందరికీ ఇచ్చే సలహాయే అది. పాటించడం ఎంత కష్టమో ఆ రోజు కళ్ళారా చూశాను.

ఆదివారం పొద్దుటి ప్యాసింజర్లో నలుగురం వికారాబాద్ వెళ్ళాం. నేను వెళ్ళాల్సిన అవసరం నిజానికి లేదు. హాజీరా బీ రమ్మంది, నాకూ వెళ్ళాలని ఉంది. అక్క ఇంట్లో పని అయ్యాక ఖాజా ఎడమ చంకలో సీసా బిగించి, చెయ్యి ఒంటికి అదిమిపెట్టి, బజారులోకి బయల్దేరాడు. వెనక హాజీరా బీ, నేను.

తాండూరులో అందరూ తెలిసినవాళ్ళే అని పారిపోయి వచ్చిన మనిషికి వికారాబాద్‌లో కూడా సగం ఇళ్ళ బండలు తనే వేశానన్న సంగతి గుర్తు లేదు. పాన్‌డబ్బా ముందు ఒకాయన సలాం చేసి ఆపాడు. హోటలు ముందు మరొకాయన చాయ తాగి పొమ్మని చెయ్యి పట్టుకున్నాడు. అది కుడి చెయ్యి కావడం మా అదృష్టం. మలుపు తిరగగానే పెద్ద భూస్వామి ఒకాయన ఎదురొచ్చాడు. వాళ్ళ వాకిలి బండలు కిందటేడు ఖాజాయే వేశాడట. ఆయన రెండు చేతులూ చాచి అలాయ్ బలాయ్‌కి మీదికి వస్తున్నాడు. ఖాజా బిగుసుకుపోయి నిలబడ్డాడు.  హాజీరా బీ గబగబా ఇద్దరి మధ్యకు వెళ్ళి నిలబడింది.

“వానికి చంకల గడ్డ లేసింది పటేలా. ముట్టకుండ్రి, పలుగుతది.”

పటేలు చేతులు దింపి అయ్యో పాపం అన్నాడు. వేపాకు నూరి కట్టమని చెప్పి, పోతూ పోతూ మూల బండ ఒకటి కుంగిందని కూడా చెప్పాడు. మేము ల్యాబు చేరేసరికి నాకు నవ్వు ఆపుకోలేక కడుపునొప్పి వచ్చింది. ఖాజాకు చెమట పట్టింది కాని సీసా మాత్రం వెచ్చగానే ఉంది.

యాదగిరి స్లైడు చేసి చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను చూడమన్నాడు. మామూలుగా మైక్రోస్కోపు అద్దం కింద చూస్తే కళ్ళు తిరిగేంత కదలిక ఉండాలి. అక్కడ పెళ్ళయిపోయాక పందిట్లో మిగిలిన చుట్టాల్లా కణాలు ఇక్కడొకటి అక్కడొకటి ఉన్నాయి. ఉన్నవాటిలో కూడా ఎక్కువ భాగం కదలడం లేదు. ఒక్క పరీక్షతో ఏమీ తేల్చకూడదు. జ్వరం వచ్చినా, అలసటగా ఉన్నా లెక్క తగ్గుతుంది. అదే చెప్పాను. ఖాజా తల దించుకుని విన్నాడు. బయట నవ్వులన్నీ అక్కడితో ఆగిపోయాయి. తిరిగి నడిచేటప్పుడు ఎవరూ అతన్ని ఆపలేదు, లేదా ఆపినా మాకు గుర్తు లేదు.

అక్క ఇంట్లో మాకు భోజనం పెట్టారు. మాంసం కూర, బగారా అన్నం. ఖాజా విస్తట్లో మాత్రం కిచిడీ, పెరుగు. కారం పడదన్నాడు. తినడం అయ్యాక జేబులోనుంచి చిన్న డబ్బా తీసి, పసుపుపచ్చటి పెద్ద గోలీలు రెండు నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. ఇంట్లో ఎవరూ తల ఎత్తి చూడలేదు. వాళ్ళకది అలవాటైపోయింది.

నేను అడిగాను, అవి ఏమిటని. మందులేమైనా వాడుతున్నావా అని తాండూరులోనే అడిగితే లేదన్నావు కదా అని కూడా అన్నాను.

“గిది మందు గాదు మేడం. నాలుగేండ్ల సంది తింటున్న. అన్నం లెక్కనే.”

నాలుగేళ్ళ కిందట అతనికి పేగుల్లో పుండ్లు పడి, రక్తవిరేచనాలతో మంచం పట్టాడట. హైదరాబాదులో పేగుల జబ్బుల ప్రొఫెసర్ ఒకాయన బతికించి, మళ్ళీ రాకుండా ఈ గోలీలు రోజూ వేసుకోమన్నాడట. డబ్బా చేతిలోకి తీసుకుని చూశాను. సల్ఫాసలజీన్.

నేను లేచి నిలబడ్డాను. చేతికి అన్నం అంటుకునే ఉంది. ఈ మందు వేసుకునే మగవాళ్ళలో వీర్యకణాలు తగ్గిపోతాయని, కదలిక మందగిస్తుందని, ఆపితే రెండు మూడు నెలల్లో మళ్ళీ మామూలవుతాయని అప్పటికి కొద్దికాలంగా వైద్య పత్రికల్లో వస్తోంది. చదివిన సంగతి ఎక్కడో మూలన పడి ఉంది. ఆ పసుపు రంగు చూడగానే బయటికి వచ్చింది. ఇంకో విషయం కూడా అప్పుడే తట్టింది. మెహరున్నీసాకు వైద్యం మొదలైంది నాలుగేళ్ళ కిందట. ఖాజాకు గోలీలు మొదలైందీ అప్పుడే. ఆమె మాత్ర పని మొదలుపెట్టిన వేళకే ఈయన మాత్ర అడ్డం పడింది. ఆమె అండాశయాలు ఏ తప్పూ చేయలేదు.

చెయ్యి కడుక్కోకుండానే ల్యాబుకు పరిగెత్తానని యాదగిరి చాలా ఏళ్ళ తర్వాత కూడా అందరికీ చెప్పేవాడు. నిజమే. అతను కూడా ఆ సంగతి విన్నానన్నాడు. ఇద్దరం చిన్నపిల్లల్లా ల్యాబులో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుకున్నాం.

నేను తిరిగి వచ్చి అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాను. ఖాజా మొత్తం విని, డబ్బా తీసుకుని లేచాడు. గోలీలు ఇప్పుడే బాయిలో పారేస్తానన్నాడు. నేను వాకిలికి అడ్డం నిలబడాల్సి వచ్చింది. ఆ గోలీలే నిన్ను నాలుగేళ్ళు నిలబెట్టాయి, ఆపడం నా చేతిలో లేదు, నీ చేతిలోనూ లేదు, ఇచ్చిన డాక్టరును అడగాలి అని గట్టిగా చెప్పాను. అతనికి కోపం వచ్చింది. 

“నాలుగేండ్లు దానికి సూదులు గుచ్చిండ్రు. నేను చూసుకుంట కూసున్న. ఇంక ఎవర్నడగాలె?”

మెహరున్నీసా వెళ్ళి అతని చేతిలోని డబ్బా తీసుకుని తన చేతిసంచిలో పెట్టుకుంది. అంతటితో ఆ గొడవ ముగిసింది.

తర్వాతి వారం నేను సెలవు పెట్టి వాళ్ళతో హైదరాబాదు వెళ్ళాను. ప్రొఫెసర్ గారు పెద్దవయసు మనిషి, నాలాంటి చిన్న డాక్టర్లతో ఎక్కువ మాట్లాడరని పేరు. నేను చెప్పినదంతా విన్నారు. ఖాజాను పరీక్ష చేసి, పురీషనాళంలోకి గొట్టం వేసి లోపల చూశారు. పుండ్లు మానిపోయి చాలాకాలమైందన్నారు. మూడు నెలలు ఆపి చూడవచ్చు, కాని మళ్ళీ రక్తం కనబడితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదన్నారు. అలా వస్తే ఇవ్వాల్సిన ఎనీమా మందు, దాని మోతాదు నాకు చెప్పారు. చివరికి కళ్ళజోడు తీసి అన్నారు:

“పేగులు నావి, పిల్లలు మీరు చూసుకోండి. ఇద్దరం ఒకరికొకరం చెప్పుకుందాం.”

వెనక్కి వచ్చే రైల్లో నేను కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకుంటున్నాను. హాజీరా బీ అది చూసి, డాక్టరమ్మకు పిచ్చి పట్టలేదు కదా అని కోడలిని అడిగింది.

మొదటి నెల ఏమీ కాలేదు. రెండో నెల సగంలో ఖాజా ఒంటరిగా ఓపీకి వచ్చాడు. రక్తం కనబడిందన్నాడు. కొంచెమే. ఇంట్లో చెప్పలేదట. ఇంకొక్క నెలే కదా మేడం, చూడనట్టే ఉందామని బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. అదే పూట ప్రొఫెసర్ గారికి ట్రంకాల్ చేశాను. ఎనీమా మొదలుపెట్టమన్నారు, వారంలో ఆగకపోతే గోలీలు మళ్ళీ వేయమన్నారు. మెహరున్నీసాకు నేనే కబురు పంపించాను, ఎందుకంటే ఆ ఎనీమా ఇంట్లో ఇవ్వాలి, అది దాచిపెట్టి చేసేది కాదు. ఆమె వచ్చింది. అందరం అనుకున్నట్టు ఏడవలేదు. మెల్లగానే మాట్లాడింది, కాని అతని వైపు తిరిగి మాట్లాడింది.

“నాకు మనిషి గావాలె. మనిషుంటే తర్వాత చూస్కుందాం. గోలీలు నా తాననే ఉన్నయి. మల్ల రక్తమొస్తే నేనే నోట్లేస్త.”

ఆరు రోజుల్లో రక్తం ఆగింది. ఆ ఆరు రోజులూ నేను మెట్లు ఒక్కొక్కటే ఎక్కాను.

మూడు నెలలు నిండాక, వేసవి మొదట్లో మళ్ళీ ఆదివారం ప్యాసింజర్ ఎక్కాం. ఈసారి మెహరున్నీసా కూడా మాతో ల్యాబుకు నడిచింది. ఎండాకాలం కాబట్టి కోటు అక్కర్లేదు. కాని కోటు లేని మనిషి చంక బిగించి నడుస్తుంటే ఇంకా విచిత్రంగా ఉంటుంది. పటేలు మళ్ళీ ఎదురొచ్చాడు. గడ్డ ఇంకా తగ్గలేదా అని నిజంగానే బాధపడ్డాడు. హాజీరా బీ తడుముకోకుండా ఇది ఇంకోటి అంది.

యాదగిరి స్లైడు పెట్టి, అద్దంలో కన్ను పెట్టి, స్టూలు మీదనుంచి లేచాడు. ఏమీ చెప్పకుండా స్టూలు నావైపు జరిపాడు. నేను చూశాను. అనంతగిరి జాతర రోజు గుడి మెట్ల మీద జనం ఎలా ఉంటారో అలా ఉంది. తోసుకుంటున్నాయి, ఢీకొంటున్నాయి, ఒకదాని మీదుగా ఒకటి దూరి పోతున్నాయి. నేను ఎంతసేపు చూశానో తెలియదు. యాదగిరి నా భుజం తట్టి, సుగుణా, మిగిలినవాళ్ళను కూడా చూడనియ్యి అన్నాడు.

రోగికి స్లైడు చూపించడం ఎక్కడా పద్ధతి కాదు. ఆ రోజు పద్ధతి ఎవరికీ గుర్తు లేదు. ఖాజా ఆరడుగుల ఒళ్ళు వంచి ఒక కన్ను మూసి చూశాడు.  తల ఎత్తకుండానే అడిగాడు:

“గివన్ని నాయేనా సార్?”

యాదగిరి ఎంతో గంభీరంగా, “నీయే. మా ల్యాబుల గిన్ని ఉండయి” అన్నాడు.

తర్వాత హాజీరా బీ కూర్చుంది. ముందు తన రెప్పవెంట్రుకలే కనబడ్డాయి, అవే మనవలు అనుకుంది. యాదగిరి సరిచేశాక చూసి, ఇవి ఎక్కడికి ఉరుకుతున్నాయి ఇంత తొందరగా అని అడిగింది. చివరికి మెహరున్నీసా. అందరికంటే ఎక్కువసేపు ఆమే చూసింది. ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, ఆపలేకపోయింది. ఆ నవ్వు ముందు హాజీరా బీకి, ఆమె నుంచి నాకు, నా నుంచి యాదగిరికి అంటుకుంది. ఖాజా ఒక్కడే నవ్వలేదు. గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. ఈసారి బండల అతుకులు చూడటం లేదని నాకు తెలుసు.

ఆపరేషన్ మాట అక్కడితో పోయింది. మళ్ళీ క్లోమిఫీన్ ఇచ్చాను. రెండో నెలలో వేడి పెరిగింది, పెరిగింది అలాగే ఉండిపోయింది. నెలసరి రాలేదు. మూత్ర పరీక్షలో గర్భం తేలింది. హాజీరా బీ ఆసుపత్రిలో కనిపించిన ప్రతి మనిషి చేతిలో మిఠాయి పెట్టింది. సూపరింటెండెంటు గారికి షుగరు, ఆయనకు కూడా పెట్టింది. ప్రొఫెసర్ గారి అనుమతితో ఖాజా మళ్ళీ గోలీలు మొదలుపెట్టాడు.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే, అసలు తలనొప్పి అప్పుడే మొదలైంది. తాండూరులో ఒక మాట పాకింది. కొత్త డాక్టరమ్మ మందులు ఇవ్వదట, ఉన్న మందులు బంద్ చేయిస్తుందట, బంద్ చేస్తే పిల్లలవుతారట. మంగళవారం వరండా నిండిపోయింది. బీపీ గోలీలు మానేసినవాళ్ళు, షుగరు గోలీలు మానేసినవాళ్ళు, మానేయమంటారా అని సంచులతో వచ్చినవాళ్ళు. ఒకాయన పిల్లల కోసం చుట్ట కూడా మానేశానన్నాడు. అది మాత్రం మంచిదే అన్నాను. మొదటి రెండు మూడు వారాలు నాకు నవ్వులాటగానే ఉంది.

తర్వాత బంట్వారం దగ్గరి పల్లెనుంచి ఒకామెను ఎడ్లబండి మీద తెచ్చారు. ఆమెకు మూర్ఛ జబ్బు. ఈ మాట విని రోజూ వేసుకునే మాత్రలు మానేసింది. పొయ్యి దగ్గర మూర్ఛ వచ్చి పడింది. అదృష్టం, ముంజేయి ఒక్కటే కాలింది. కట్టు కడుతూ ఆమెతో అన్నాను, మూర్ఛ మాత్రలు మానకూడదు, పిల్లలు కావాలంటే ఏ మాత్ర మంచిదో ముందు మాట్లాడుకుందాం అని. ఆమె ఆశ్చర్యపోయి, మరి అందరూ గట్లనే అంటున్నరు గదమ్మా అంది.

నేను ఒక్కదాన్నే చెబితే ఊరు వినదని తేలిపోయింది. హాజీరా బీతో ఈ సంగతి చెప్పాను. తర్వాతి మంగళవారం ఆమె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. వరండాలో అందరి మధ్యా నిలబెట్టి, చేతికి నీళ్ళ చెంబు ఇచ్చింది. ఖాజా సిగ్గుతో ఎర్రబడి, పసుపు గోలీలు రెండు పైకెత్తి చూపించి, నోట్లో వేసుకుని మింగాడు.

“చూస్తిరా? మల్ల మింగుతున్న. అప్పుడు బంద్ చేసింది పెద్ద డాక్టర్ చెప్పినంకనే. ఉత్తగ బంద్ చేస్తే నేను సచ్చెటోణ్ణి.”

మగవాడు తన లోపం గురించి అంతమంది ఆడవాళ్ళ ముందు మాట్లాడటం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చాలా అరుదుగా చూశాను. ఆ రోజు సంచులన్నీ ఇళ్ళకు వెళ్ళిపోయాయి. మరుసటి మంగళవారం ముగ్గురు మగవాళ్ళు, ఎవరూ పిలవకుండానే, భార్యల పక్కన కూర్చుని ఉన్నారు.

మెహరున్నీసా పొట్ట నెలలకు మించి పెరిగింది. స్కానింగు లేని రోజులు. ఆరో నెల దాటాక చెక్క స్టెతస్కోపు పెట్టి విన్నాను. ఎడమవైపు గుండె చప్పుడు బాగానే ఉంది. కుడివైపు పెట్టాను, అక్కడా ఉంది. ఒకే గుండె రెండుచోట్ల వినపడవచ్చు కాబట్టి దానికో పద్ధతి ఉంది: ఇద్దరు మనుషులు ఒకేసారి చెరోవైపు వింటూ, విన్న చప్పుడును వేలితో కొట్టాలి. నర్సమ్మను పిలిచాను. ఆమె కుడివైపు, నేను ఎడమవైపు వంగి, మంచం ఇనుప కమ్మీ మీద వేళ్ళతో కొడుతున్నాం. రెండు తాళాలు కలవలేదు. ఆమెది తొందరగా, నాది కొంచెం నెమ్మదిగా. నర్సమ్మ నావైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను, ఇద్దరం కొట్టడం ఆపలేదు. మధ్యలో పడుకున్న మెహరున్నీసా, ఎందుకు మేడం వాయిస్తున్నరు అని అడిగింది. క్లోమిఫీన్ వాడినవాళ్ళకు కవలలు కొంచెం ఎక్కువగా పుడతారు. ఆ మాత్ర ఇన్నాళ్ళూ తన పని తాను చేస్తూనే ఉందని అంతకంటే రుజువు ఏం కావాలి?

1983 మొదట్లో ఇద్దరు ఆడపిల్లలు మా కాన్పుల గదిలోనే పుట్టారు. రెండో బిడ్డ అడ్డం తిరిగి కాసేపు మమ్మల్ని భయపెట్టింది, కడుపు మీదనుంచి సర్ది తల కిందికి తెచ్చాను. ఇద్దరూ చిన్నవాళ్ళే, ఇద్దరూ గట్టిగా ఏడ్చారు. హాజీరా బీ ఒకరిని కుడిచేత, ఒకరిని ఎడమచేత పట్టుకుని వరండా పొడుగూతా నడిచింది, ఎవరడిగినా అడగకపోయినా చూపిస్తూ. ఖాజా ఆ ఏడాది వేసవిలో కాన్పుల గదికి కొత్త బండలు వేసి ఇచ్చాడు. సూపరింటెండెంటు గారు పై అధికారుల అనుమతి వచ్చేదాకా వాటిమీద నడవడానికి కూడా సంకోచించారు.

ఒక్క కేసుతో సిద్ధాంతం చెప్పకూడదు. ఆ మందు ఆపకపోయినా వాళ్ళకు ఎప్పుడో పిల్లలు పుట్టేవారేమో, నేను కాదనలేను. ఆ తర్వాత నా ఉద్యోగంలో అలాంటివి మరికొన్ని చూశాను. రక్తపోటు మాత్రలు, వాంతుల మాత్రలు, నొప్పుల మాత్రలు, మనసు కుదుటపడే మాత్రలు. కొన్ని అండం విడుదలను చెరుపుతాయి, కొన్ని మగవాళ్ళలో లెక్క తగ్గిస్తాయి, చాలావాటికి ఏ దోషమూ లేదు. వాటిని రాసిన డాక్టర్లు తప్పు చేయలేదు. వాళ్ళ ముందున్న జబ్బుకు అది సరైన మందే. రెండు మందులు ఒకే ఇంట్లో ఉన్న సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అంతే.

ఈ కేసు వల్ల నా పద్ధతిలో మూడు మార్పులు వచ్చాయి. సంతానం కోసం వచ్చినవాళ్ళ కేసు చీటీ మీద భార్య పేరు పక్కన భర్త పేరు రాయడం మొదలుపెట్టాను. ఏ మందునూ దాన్ని ఇచ్చిన డాక్టరును అడగకుండా ఆపించలేదు. మందులేమైనా వాడుతున్నారా అని అడగడం మానేశాను. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నోట్లో ఏమేం వేసుకుంటారో చెప్పండి అనేదాన్ని. చాలామంది ముందు ఏమీ లేవనేవారు. నేను ఇంకో ప్రశ్న వేయకుండా కూర్చునేదాన్ని. కాసేపటికి ఒక్కొక్కటే బయటికి వచ్చేవి.